వహీద్ డాక్టరు రెండుసార్లు అడిగిన మాట

విరూపాక్ష శాస్త్రి గారి దగ్గర తర్కం చదువుకోవడానికి వచ్చేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉండేది. గ్రంథంలో సందేహం అడిగితే ఆయన వెంటనే విప్పి చెప్పేవారు. బతుకులో సందేహం అడిగితే మాత్రం పుస్తకం మూసేసి, తాను ఎరిగిన ఎవరి సంగతో చెప్పి ఊరుకునేవారు. అందులోంచి జవాబు ఏరుకోవడం మన పని.

మృణాళిని విజయనగరంలో లా కాలేజీ లెక్చరరు. ఇంట్లో తనూ, ముసలి తల్లీ. ఆదివారాలు శాస్త్రి గారింటికి పాఠానికి వచ్చేది. ఒక ఆదివారం పాఠం అయ్యాక ఆమె ఇలా అడిగింది.

"గురువు గారూ, మనిషి తన చావు గురించి తాను నిర్ణయించుకోవచ్చా అన్న వాదం ఎలా నడిచిందో మా విద్యార్థులకి చెప్పాలి. చదివినకొద్దీ తల తిరుగుతోంది. ప్రాణం తీసుకోవడం మహాపాపం అన్న ధర్మశాస్త్రమే, ముసలి రాజు రాజ్యం వదిలి ప్రాణం పోయేదాకా ఉత్తరంగా నడిచి వెళ్ళిపోతే మెచ్చుకుంది. జైన మునులు ఆహారం తగ్గించుకుంటూ ప్రాణం వదలడాన్ని వ్రతం అన్నారు. తెల్లదొరల చట్టం చావబోయి బతికినవాణ్ణి జైల్లో పెట్టమంది. మొన్న మొన్నటి దాకా కోర్టులు ఒకసారి అవునన్నాయి, ఇంకోసారి కాదన్నాయి. ఇప్పుడేమో, నయంకాని రోగికి యంత్రాలు తీసెయ్యవచ్చు, అవి వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చు అంటున్నాయి. ఇన్ని వందల ఏళ్ళు వాదించాక ఇంతకీ ఏ పక్షం గెలిచినట్టు?"

శాస్త్రి గారు పుస్తకం మూశారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

ఆయన ఒక ఊరి హైస్కూల్లో తెలుగు పండితులుగా ఉన్న రోజుల్లో అక్కడ జగన్నాథరావు అనే ప్లీడరూ, అబ్దుల్ వహీద్ అనే డాక్టరూ ఉండేవారు. ఒక బడిలో చదువుకున్న స్నేహితులు. టౌన్‌హాల్లో ఏటా జరిగే చర్చల్లో మాత్రం ఎదురెదురు పక్షాలు. వాళ్ళకి ఇష్టమైన విషయం ఇదే. దాని మీద వాళ్ళు తలపడుతున్నారంటే హాలు నిండిపోయి జనం కిటికీల దగ్గర నిలబడేవారు.

జగన్నాథరావుది కంచుగొంతు. "నా ఇంట్లోకి ఎవరు రావాలో నేను చెప్తాను. నా ఒంట్లోకి ఏ గొట్టం రావాలో కూడా నేనే చెప్తాను" అనేవారు. చప్పట్లు ఆగేదాకా వహీద్ గారు కూర్చుని, ఆ తర్వాత మెల్లగా లేచేవారు. "ప్రాణం పైవాడు మన దగ్గర దాచుకున్న సొత్తు. అయినా ఆ మాట పక్కన పెడదాం. నేను రోజూ రోగుల్ని చూస్తాను. 'ఇక చాలు' అనేది నొప్పి. మనిషి కాదు. నొప్పి మాట విని మనిషిని పంపించెయ్యకూడదు" అనేవారు. సభ అయ్యాక ఇద్దరూ ఒకే రిక్షాలో ఇంటికి వెళ్ళేవారు.

ఒక ఎండాకాలం జగన్నాథరావుకి గొంతులో కేన్సరు బయటపడింది. విశాఖపట్నంలో రేడియేషన్ కరెంటు పెట్టించారు. కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. కంచుగొంతు పోయి గాలి మాత్రం మిగిలింది. మాట వినాలంటే నోటి దగ్గర చెవి పెట్టాలి. పద్యాలంటే ఆయనకి ప్రాణం కాబట్టి, శాస్త్రి గారు బడి అయ్యాక వెళ్ళి చదివి వినిపించేవారు.

కొన్నాళ్ళకి మంచినీళ్ళు కూడా దిగడం మానేశాయి. పొట్టకి చిన్న ఆపరేషను చేసి గొట్టం పెడితే దాని గుండా ఆహారం పోయవచ్చునని విశాఖ డాక్టర్లు చెప్పారు. కూతురు శ్యామల వహీద్ గారిని గుమ్మంలోనే ఆపింది.

"బాబాయ్, నాన్న సంగతి మీకు తెలియనిదా? గొట్టం వద్దని ఊరందరి ముందూ ఎన్నిసార్లు చెప్పారు. ఆయన మాట నిలబెడదాం."

ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ఆ మాటకి వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. వహీద్ గారు ఆమె తల నిమిరారు.

"అది సభలో చెప్పాడమ్మా. ఇక్కడ ఒకసారి అడగనీ."

లోపలికి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నారు. పద్యం చదువుతున్న శాస్త్రి గారు లేవబోతే జగన్నాథరావు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"జగన్నాథం, గొట్టం పెట్టకపోతే ఎలా ఉంటుందో, పెడితే ఎలా ఉంటుందో రెండూ చెప్తాను. ఆ తర్వాత నువ్వు చెప్పు" అన్నారు వహీద్ గారు. దేన్నీ దాచకుండా చెప్పారు. నయం కాదని కూడా చెప్పారు.

జగన్నాథరావు ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. పెదవులు కదిలాయి. వహీద్ గారు వంగి చెవి పెట్టారు.

"నవ్వుతావా?"

"ఎందుకు నవ్వుతాను?"

"పెట్టించు. ఇంకా కొన్నాళ్ళు ఉండాలని ఉంది. ఎందుకని అడక్కు."

"అడగను."

"ఊళ్ళో అనుకుంటారు..."

"ఊరికి నేను వైద్యం చెయ్యడం లేదు" అన్నారు వహీద్ గారు.

తాను అన్నాళ్ళు సభలో చెప్పిన మాటే నిజమైందన్న గర్వం వహీద్ గారి ముఖంలో ఎక్కడా కనిపించలేదని శాస్త్రి గారు చెప్పారు. స్నేహితుడి కళ్ళు తుడిచి, విశాఖకి టాక్సీ మాట్లాడటానికి లేచి వెళ్ళారు.

గొట్టంతో జగన్నాథరావు ఆ వానాకాలమంతా ఉన్నారు. మంచి రోజులే. వరండాలో కూర్చుని రేడియోలో క్రికెట్ వినేవారు. మధ్యాహ్నం దవాఖానా కట్టేసి వహీద్ గారు వస్తే చదరంగం వేసుకునేవారు. స్నేహితుడు తప్పు ఎత్తు వేసినప్పుడల్లా వహీద్ గారు గట్టిగా విసుక్కునేవారు. రోగి కదా అని ఆట వదిలిపెట్టడం ఆయనకి రాదు. జగన్నాథరావుకి అదే సంతోషంగా ఉండేది. పాత వాదన మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

చలి మొదలయ్యేసరికి జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఊపిరి తీసుకోవడమే కష్టమైపోయింది. ఎముకల్లో నొప్పి. విశాఖ తీసుకెళ్ళి శ్వాస యంత్రం మీద పెట్టించాలని ఈసారి శ్యామలే పట్టుబట్టింది.

"అప్పుడు మీరే పెట్టించారు కదా బాబాయ్. ఇప్పుడెందుకు ఆలోచిస్తారు?"

"అప్పుడు అడిగాను కదమ్మా. ఇప్పుడూ అడగాలి."

అడిగారు. జగన్నాథరావు "చాలు" అన్నారు.

వహీద్ గారు లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏ మాట వినకూడదని టౌన్‌హాల్లో ఏళ్ళ తరబడి చెప్పారో ఆ మాటే అది. కాసేపటికి వెనక్కి వచ్చి, నొప్పి తగ్గే ఇంజెక్షను ఇచ్చారు. సాయంత్రం ఇంకొకటి ఇచ్చారు. మర్నాడు జగన్నాథరావు కాస్త తేలిగ్గా ఊపిరి పీలుస్తూ, శాస్త్రి గారు చదువుతున్న పద్యానికి వేళ్ళతో తాళం వేస్తూ ఉండగా వహీద్ గారు వచ్చి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు.

"నిన్న నొప్పి చెప్పింది. ఇవాళ నువ్వు చెప్పు."

జగన్నాథరావు నవ్వారు. అంతటి జబ్బులోనూ ఆ నవ్వులో పాత ప్లీడరు కనిపించాడు.

"నేనే. చాలు వహీద్."

వహీద్ గారు ఇక ఏమీ అడగలేదు. విశాఖ ప్రయాణం మానిపించారు. శ్యామలని తండ్రి పక్కన కూర్చోబెట్టి, ఆయన చేతనే ఆ మాట మరోసారి చెప్పించారు. ఆమె విని, తండ్రి అరచేతిలో ముఖం పెట్టుకుంది. ఆ తర్వాత వహీద్ గారు దవాఖానా వేరే డాక్టరుకి అప్పగించి అక్కడే ఉండిపోయారు. నొప్పికి మందు ఇస్తూ, తడి గుడ్డతో పెదవులు తుడుస్తూ, నమాజు వేళకి వరండాలోకి వెళ్ళి వస్తూ ఉన్నారు. జగన్నాథరావు ఒక మధ్యాహ్నం, ఒక చెయ్యి కూతురి చేతిలో, ఇంకో చెయ్యి స్నేహితుడి చేతిలో ఉండగా వెళ్ళిపోయారు.

దహనం అయ్యాక శాస్త్రి గారూ వహీద్ గారూ కలిసి నడిచి వచ్చారు. "నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు పంతులు గారూ. పైవాడు అడిగితే, వాణ్ణి ఒంటరిగా వదల్లేదని మాత్రం చెప్పగలను" అన్నారట వహీద్ గారు.

మరుసటి ఏడు టౌన్‌హాల్లో మళ్ళీ అదే విషయం పెట్టారు. ఆయన్ని వేదిక మీదికి పిలిచారు. వహీద్ గారు ఉన్న చోటే లేచి, "దీని గురించి నాకు ఒక్క మనిషి సంగతే తెలుసు. అది సభలో చెప్పేది కాదు" అని కూర్చున్నారు.

శాస్త్రి గారు అక్కడితో ఆపారు. మృణాళిని మళ్ళీ అడిగింది.

"ఆయన మాట్లాడగలిగారు కాబట్టి డాక్టరు గారు అడగగలిగారు. నేను పాఠం చెప్పే కేసుల్లో రోగికి స్పృహే ఉండదు గురువు గారూ. ఇంట్లోవాళ్ళు తలో మాట అంటారు. అప్పుడు ఎవరిని అడగాలి?"

శాస్త్రి గారు ఆమె వైపు ఆప్యాయంగా చూశారు.

"మీ అమ్మగారు కులాసాగా ఉన్నారా, అమ్మా? మాట్లాడగలుగుతున్నారు కదా?" అన్నారు.