తప్పడానికే పట్టిన వ్రతం

గుమ్మళ్ళదుర్గం రాజు పృథుసేనుడు సభ ముగించి లేచాడు. ఆయనతోపాటు సింహాసనం కూడా లేచింది. ఇద్దరు భటులు చెరోవైపు పట్టి లాగితే గానీ అది ఊడిరాలేదు.

సభలో ఎవరూ నవ్వలేదు. సేనాపతి మాత్రం తన మీసం తానే కొరుక్కున్నాడు.

రాజుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పట్టపుటేనుగు కూడా ఆయన్ను చూడగానే మొహం తిప్పుకుంటోంది.

"నన్ను చిక్కించి, చిక్కినవాణ్ణి చిక్కినట్టే ఉంచగలిగితే సన్మానం చేస్తాను. చేతకాకపోతే గుండు కొట్టించి గాడిదెక్కిస్తాను. ఎవరున్నారు?" అన్నాడు రాజు.

ఆస్థానవైద్యుడు విశ్వంభరశాస్త్రి శాలువా సర్దుకుని లేచాడు. "నేనుండగా ఇంకెవరు ప్రభూ! ఈసారి వేపచిగురు దీక్ష."

"వద్దు శాస్త్రిగారూ! నీళ్ళ దీక్ష అన్నారు, పొద్దుగూకకముందే పులిహోర తిన్నాను. కాకరకాయ దీక్ష అన్నారు, అందులో బెల్లం కూరించుకున్నాను. ఉలవకట్టు దీక్షలో వంటశాల తాళమే పగలగొట్టాను. ప్రతిసారీ దండోరా వేయించి మొదలుపెట్టడం, నోట్లో లడ్డూతో దొరికిపోవడం!"

"దీక్షలో లోపం లేదు ప్రభూ. లోపమంతా తమ నాలుకలో ఉంది."

అప్పుడు విదూషకుడు ఓబళయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "నేనో వ్రతం పట్టిస్తాను ప్రభూ. పూటపూటా పళ్ళెం నిండా గారెలు, గిన్నె నిండా పాయసం. ఆకుకూర ముట్టకూడదు. మజ్జిగ వాసన చూడకూడదు. కాలు నేల మోపకూడదు, ఎటు వెళ్ళినా పల్లకీయే."

"మంగలిని పిలిపించండి!" అని శాస్త్రి పడీపడీ నవ్వాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావయ్యా!" అని రాజు ఓబళయ్యను వాటేసుకోబోయాడు. పొట్ట అడ్డొచ్చింది.

దండోరా మోగింది. వ్రతం మొదలైంది.

మొదటిరోజు స్వర్గంలా ఉంది. మర్నాడు గారెలు గులకరాళ్ళలా తోచాయి. ఆ తర్వాత పాయసం పేరెత్తితేనే కడుపులో తిప్పింది.

"ఇంకొక్కటి ప్రభూ, వ్రతం!" అంటూ ఓబళయ్య పక్కనే కూర్చునేవాడు.

ఒకరోజు కాపలాభటుడు ఉల్లిపాయ కొరుక్కుంటూ అంబలి తాగడం రాజు కంటపడింది. నోరూరింది.

"ఒక్క గుక్క..."

"అపచారం!" అన్నాడు ఓబళయ్య.

వద్దన్నకొద్దీ అంబలి మీదే ధ్యాస. తెల్లవారుజామున రాజు పెరటి గుమ్మం గుండా జారుకుని, కోట చివరనున్న ఏనుగుల శాల దాకా నడిచాడు. మావటి పోతయ్య పెట్టిన రాగిసంకటి, గోంగూర దొంగచాటుగా తిన్నాడు. ఆహా, ఏం రుచి! ఇక రోజూ అదే పని. గారెలేమో కిటికీలోంచి నెమళ్ళకు విసిరేవాడు. పాపం, నెమళ్ళు ఎగరడం మానేశాయి.

నెలలు గడిచాయి. నడుముపట్టీ వదులైంది. వ్రతం తప్పిన సంగతి ఎక్కడ బయటపడుతుందోనని రాజు పొట్టకో దిండు కట్టుకుని సభకు రాసాగాడు.

ఒకనాడు నిండుసభలో గట్టిగా తుమ్మాడు. దిండు జారి శాస్త్రి కాళ్ళ దగ్గర పడింది.

"వ్రతభంగం!" శాస్త్రి గంతేశాడు. "ఓబళయ్య ఓడాడు! గాడిదేదీ?"

రాజు తలదించుకున్నాడు. "తప్పు నాది. రోజూ నడిచాను. సంకటి తిన్నాను. మజ్జిగ కూడా తాగాను. ఓబళయ్యా, నీ వ్రతాన్నీ నిలబెట్టలేకపోయాను."

ఓబళయ్య వంగి నమస్కరించాడు.

"ప్రభూ, తమరు ఏ వ్రతం పట్టినా తప్పుతారు. అందుకే తప్పవలసిన వ్రతమే పట్టించాను!"

రాజు తన నడుం తడుముకున్నాడు. పెదవుల మీదికి నవ్వొచ్చింది. "మరి ఈ వ్రతం ఎన్నాళ్ళు?"

"బతికున్నన్నాళ్ళూ. ఒక్కరోజైనా తప్పకుండా తప్పాలి ప్రభూ!"

"తప్పుతాను! నా మీద ఒట్టు, జీవితాంతం తప్పుతాను!"

ఆపుకోలేక శాస్త్రి కూడా ఫక్కున నవ్వాడు. సభ గొల్లుమంది. రాజు మెట్లన్నీ చకచకా దిగొచ్చి, ఆయాసమన్నది లేకుండా తన ముత్యాలహారం తీసి ఓబళయ్య మెడలో వేశాడు.