సర్కారు వారి చలివేంద్రం

రేగులపురం సంతవీధిలో తాళ్లు, చేదలు అమ్మే పారినాయుడు మంచివాడే గానీ, ఎవరైనా "ఉచితం" అంటే చాలు, అది ఎవరి చేతిలోంచి వస్తోందో అడగకుండా చప్పట్లు కొట్టేవాడు.

ఆ వీధిలో నలభై దుకాణాలు ఉండేవి. ఏటా శివరాత్రి వెళ్లి ఎండలు ముదరగానే దుకాణదారులంతా కలిసి వీధి మొదట్లో తాటాకు పందిరి వేసి, నాలుగు మట్టికుండలతో చలివేంద్రం పెట్టేవారు. రోజుకొకరి వంతు. వంతు వచ్చినవారు పొద్దున్నే కుండలు కడిగి, బోరింగు దగ్గర నీళ్లు పట్టి తెచ్చి నింపి, చుట్టూ తడిగుడ్డలు కట్టాలి. సాయంత్రం దాకా ఓ కన్నేసి ఉంచాలి. మంగళవారం సంతరోజు కాబట్టి ఆ రోజు ఒక కుండలో మజ్జిగ కూడా పోసేవారు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎవరూ కాగితం రాసుకోలేదు. గాజులమ్మే ఖాసింబీ మాత్రం నలభైమంది వంతులూ నోటికి గుర్తుపెట్టుకుని ముందురోజే హెచ్చరించేది.

"నాయుడూ, రేపు నీ వంతు. కిందటిసారిలా పదిగంటలకు తెచ్చావంటే ఊరుకోను," అనేది.

వేసవి మొత్తంలో పారినాయుడికి వంతు మూడుసార్లకు మించి వచ్చేది కాదు. ఆ మూడుసార్లూ అతనికి సరిగ్గా ఆ పొద్దునే భుజం పట్టేసేది.

"మనకెందుకప్పా ఈ చాకిరీ?" అన్నాడొకసారి కావిడి దించుతూ, అక్క వరస పెట్టి పిలిచే ఖాసింబీతో. "రోజూ పది రూపాయలు ఆశీలు కట్టే కదా ఇక్కడ కూర్చుంటున్నాం! మునిసిపాలిటీ వాళ్లే పెట్టొచ్చు కదా, ఉచితంగా?"

"ఇప్పుడు కుండ ఖాళీ అయితే నిన్ను తిడతాను, నువ్వు నింపుతావు," అంది ఖాసింబీ. "అప్పుడు ఎవర్ని తిట్టమంటావు?"

పారినాయుడు ఆ మాట చెవిన పెట్టలేదు. ఉగాదికి ముందు మునిసిపల్ చైర్మన్ భుజంగరావు గారు సంతవీధిలో కొత్త దీపస్తంభం ప్రారంభించడానికి వస్తే, జనాన్ని తోసుకుంటూ వెళ్లి నమస్కారం పెట్టాడు.

"బాబూ, పేదలు నీళ్లకు అల్లాడిపోతున్నారు. తమరు ఒక ఉచిత చలివేంద్రం పెట్టిస్తే మీ పేరు చెప్పుకుని తాగుతారు," అన్నాడు.

భుజంగరావు చెడ్డమనిషి కాదు. ఆ మాటకు నిజంగానే ఆయన కళ్లు చెమర్చాయి. "ఎంత మంచి ఆలోచన! ఇన్నాళ్లూ మాకెందుకు తట్టలేదు?" అని అక్కడికక్కడే ప్రకటించేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పారినాయుడే.

నెల తిరిగేసరికి తాటాకు పందిరి పోయింది. దాని చోట సిమెంటు అరుగు, ఎర్రరేకుల షెడ్డు, మూడు కుళాయిలున్న స్టీలు యంత్రం వచ్చాయి. షెడ్డు కంటే పెద్ద బోర్డు వచ్చింది. బోర్డు మీద చైర్మన్ గారి నవ్వుముఖం, దాని కింద "ఉచిత చలివేంద్రం" అని అక్షరాలు. రిబ్బను కత్తిరించిన రోజు పారినాయుడు మొదటి గ్లాసు తాగాడు. నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

"చూశావా అప్పా! మన చేతికి చెమట పట్టకుండా పని అయిపోయింది," అన్నాడు.

"బాగానే ఉంది," అంది ఖాసింబీ. "దీనికి డబ్బెవరిచ్చారు?"

"సర్కారు."

"సర్కారుకెవరిచ్చారు?"

"సర్కారుకొకరివ్వడమేంటి? ఇచ్చేదే సర్కారు కదా!" అన్నాడు పారినాయుడు. అన్నాక, తను అన్నది సరైనదో కాదో అతనికి కొంచెం తికమకగా అనిపించింది. అంతలో మిఠాయి పంచుతున్నారని పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

మర్నాడు చలివేంద్రానికి సూపర్‌వైజరుగా వేసిన చిదంబరం వచ్చి, మూలకు చేర్చిన పాత కుండలు తీసేయమన్నాడు. సర్కారు చలివేంద్రం పక్కన అనుమతిలేని కుండలు ఉండకూడదట. ఎలాగూ అవసరం లేదు కదా అని వాటిని నలుగురు దుకాణదారులు తలా ఒకటి ఇంటికి పట్టుకుపోయారు. ఒకదానిలో పారినాయుడి భార్య వరహాలమ్మ చింతపండు నిల్వ పెట్టుకుంది.

వారం తర్వాత చిదంబరం చీటీల పుస్తకంతో వచ్చాడు. ఆశీలు పది నుంచి పాతిక అయింది.

"ఇదేంటి బాబూ?" అన్నాడు పారినాయుడు.

"పది ఆశీలు. పదిహేను చలివేంద్రం సేవా రుసుము."

"ఉచితమన్నారు కదా!"

"ఉచితమే. నువ్వు నీళ్లు తాగినప్పుడు డబ్బులడిగామా?"

"అడగలేదు."

"మరింకేం!" అన్నాడు చిదంబరం చీటీ చించి ఇస్తూ.

పారినాయుడు ఆ చీటీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చిదంబరం చెప్పింది తప్పని అనలేడు, ఒప్పని అనుకోలేడు. ఎక్కడో ఏదో జారిపోయింది. మధ్యాహ్నం క్యారియరు తెచ్చిన వరహాలమ్మను అడిగాడు.

"నీళ్లు ఉచితం, కానీ డబ్బు కట్టాలి. నీకేమైనా అర్థమైందా?"

"నాకు అర్థమైందొకటే," అంది ఆమె అన్నం కలుపుతూ. "ఏడాదికి మూడు కావిళ్లు మోయలేక రోజుకు పదిహేను మోస్తున్నావు. తిను."

పారినాయుడికి కోపం వచ్చింది. కానీ ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆ నీళ్లు అడిగింది తనే మరి.

రోజులు గడిచాయి. రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ. సరిగ్గా అప్పుడే స్టీలు యంత్రం గర్రుమని మూలిగి ఆగిపోయింది. మొదటిరోజు అందరూ "రేపు బాగుచేస్తార్లే" అనుకున్నారు. నాలుగోరోజు కూడా అదే అనుకున్నారు. ఇంట్లో ఉన్న కుండ తెచ్చి పెడదామని ఒక్కరికీ తోచలేదు. పారినాయుడికి అసలే తోచలేదు. అది సర్కారు వారి పని. పైగా దానికి డబ్బు కూడా కడుతున్నాడు. తన మట్టుకు తను ఇంటినుంచి సీసాలో నీళ్లు తెచ్చుకుని తాళ్ల చుట్టల వెనక నీడలో పెట్టుకునేవాడు.

మంగళవారం వచ్చింది. కొండదిగువ ఊరినుంచి పోలమ్మ అనే ముసలామె చింతపండు గంప నెత్తిన పెట్టుకుని రెండు కోసులు నడిచి సంతకు వచ్చింది. ఏటా వేసవిలో ప్రతి మంగళవారం వచ్చేది. వచ్చీరాగానే కుండ దగ్గర రెండు ముంతల మజ్జిగ తాగి, తర్వాతే గంప దించేది. ఈ ఏడు రావడం ఇదే మొదటిసారి. కుండలు కనబడక షెడ్డు దగ్గరకు వెళ్లింది. మూడు కుళాయిలూ తిప్పింది. బోర్డు వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. అక్కడినుంచి నేరుగా పారినాయుడి దుకాణం ముందుకొచ్చి నిలబడింది.

"నాయనా, ఇక్కడ కుండలుండాలి కదా, ఏవీ?" అంది.

పారినాయుడు ఒక రైతుకు తాడు మూర వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "సర్కారు వారు పెట్టారమ్మా. అదిగో, అక్కడ," అన్నాడు.

"వెళ్లొచ్చానయ్యా. రావటం లేదు."

"అయితే వాళ్లనే అడగాలి. మేమేం చేస్తాం?"

ఆమె ఇంకేదో అనబోయింది. పెదవులు అంటుకుపోయి మాట రాలేదు. మెల్లగా వెనక్కి తిరిగింది. పారినాయుడు పన్నెండో మూర వేస్తుండగా వెనకనుంచి పెద్ద కేక వినిపించింది. తిరిగి చూసేసరికి పోలమ్మ నడివీధిలో పడి ఉంది. గంప దొర్లిపోయింది. చింతపండు మట్టిలో చెల్లాచెదురైంది.

ఖాసింబీ గాజులపెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. "నీళ్లు! ఎవరి దగ్గరైనా నీళ్లున్నాయా?" అని అరిచింది.

పారినాయుడి చెయ్యి దానంతటదే తాళ్ల చుట్టల వెనక్కి వెళ్లింది. సీసా తగిలింది. సగానికి పైగా నీళ్లున్నాయి. పరిగెత్తుకెళ్లి ఖాసింబీ చేతికిచ్చాడు. అప్పుడే తట్టింది. ఆ ముసలామె అడిగినప్పుడు ఈ సీసా ఇక్కడే ఉంది. తనకు అది గుర్తుకైనా రాలేదు.

ఆటోలో పోలమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లారు. వడదెబ్బ గట్టిగా తగిలిందని, ఈ పూట గడిస్తే గానీ ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. పారినాయుడు దుకాణం కట్టేసి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. అతని బుర్రలో ఒకటే రొద. తప్పెవరిది? యంత్రానిదా? మునిసిపాలిటీదా? చలివేంద్రం అడిగిన తనదా? మంచినీళ్లు అడగడం తప్పెలా అవుతుంది? ఎంత ఆలోచించినా కొస దొరకలేదు. జీవితమంతా చిక్కుపడ్డ తాళ్లు విప్పిన మనిషికి ఈ చిక్కు మాత్రం విడలేదు.

పొద్దువాలే వేళకు పోలమ్మ కళ్లు తెరిచింది. పారినాయుడు వరండా స్తంభానికి నుదురు ఆనించి ఏడ్చాడు.

మర్నాడు మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాడు. యంత్రం ఎందుకు బాగుచేయలేదని అడిగాడు. అది కాంట్రాక్టరు పని అన్నారు. కాంట్రాక్టరును పట్టుకుంటే, "నా బిల్లు ఇవ్వందే నేను రాను," అన్నాడు. బిల్లుల గుమాస్తా, "నీళ్లు సక్రమంగా ఇచ్చారని చిదంబరం సంతకం పెట్టాలి. అప్పుడే బిల్లు," అన్నాడు. చిదంబరం, "నీళ్లే రానప్పుడు ఇచ్చారని ఎలా సంతకం పెడతాను? అబద్ధం రాయమంటావా?" అన్నాడు.

పారినాయుడు వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. నీళ్లు వస్తే సంతకం. సంతకం ఉంటే బిల్లు. బిల్లు వస్తే మరమ్మతు. మరమ్మతు అయితే నీళ్లు. వీళ్లలో ఒక్కడు కూడా దొంగ కాదు. ఒక్కడు కూడా అబద్ధమాడలేదు. అయినా కుళాయిలో చుక్క లేదు.

"బాబూ, ఇందులో నేను ఎవర్ని తిట్టాలి?" అని అడిగాడు చివరికి. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. చిదంబరం చీటీల పుస్తకం మూసి, "నాకూ తెలీదు నాయుడూ," అన్నాడు.

పారినాయుడు ఇంటికెళ్లి కుండలోని చింతపండు తీసి డబ్బాలో పోశాడు. కుండ కడిగాడు. వరహాలమ్మ తడిగుడ్డ ఇచ్చింది. మర్నాడు పొద్దున్న ఏడుగంటలకల్లా ఎర్రషెడ్డు పక్కన నీళ్ల కుండ పెట్టాడు. పదిగంటలకు చిదంబరం వచ్చి, మునిసిపల్ స్థలంలో అనుమతి లేకుండా నీళ్లు పెట్టినందుకు ఐదువందలు జరిమానా అని నోటీసు ఇచ్చాడు.

"దాహానికి నీళ్లిస్తే జరిమానానా?" అన్నాడు పారినాయుడు.

"రూలు నేను రాయలేదు. కుండ తీసేయి."

"తియ్యను."

సర్కారు మనిషికి ఎదురుచెప్పడం అతనికి అదే మొదటిసారి. అంతలో ఖాసింబీ మరో కుండ తెచ్చి పక్కన పెట్టింది. "నాకూ ఒక చీటీ రాయి బాబూ," అంది. మిరపకాయల కొట్టాయన మూడోది తెచ్చాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు కుండలయ్యాయి. చిదంబరం దగ్గర చీటీలు అయిపోయాయి.

సాయంత్రం భుజంగరావు గారే కారు దిగారు. ముసలామె సంగతి విని ఆయన నిజంగా బాధపడ్డారు. "జరిగిందానికి విచారిస్తున్నాను. ఈసారి ఇంకా పెద్దది కట్టిస్తాను. ఆరు కుళాయిలు, రెండు యంత్రాలు, ఇద్దరు సూపర్‌వైజర్లు. పూర్తిగా ఉచితం!" అన్నారు.

అలవాటుగా పారినాయుడి చేతులు పైకి లేచాయి. చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

"బాబూ, అది ఎవరి డబ్బుతో కడతారు?" అని అడిగాడు.

ఆయనను ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "మునిసిపాలిటీ డబ్బుతో," అన్నారు.

"అది మేం కట్టిన డబ్బే కదా బాబూ. మా పదిహేను రూపాయలు మాకు వదిలేయండి. మా నీళ్లు మేం పెట్టుకుంటాం. కుండ ఎండితే ఎవర్ని తిట్టాలో మాకు తెలుస్తుంది," అన్నాడు పారినాయుడు.

భుజంగరావు బోర్డు మీద తన నవ్వుముఖాన్ని చూసుకుని కారెక్కారు.

రెండు నెలల తర్వాత ఆశీలు తగ్గింది. పాతిక తిరిగి పది కాలేదు, పదిహేను అయింది. ఆ మిగిలిన ఐదు ఎందుకో ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. తను కట్టినదాంట్లో నీళ్లకెంత పోయిందో, బోర్డుకెంత పోయిందో పారినాయుడికి ఈరోజుకీ తెలియదు. జరిమానాల సంగతి మాత్రం ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఎర్రరేకుల షెడ్డులో మునిసిపాలిటీ వాళ్లు విరిగిన చెత్తబళ్లు పెట్టుకున్నారు. దాని పక్కన మళ్లీ తాటాకు పందిరి లేచింది. వంతులు మళ్లీ మొదలయ్యాయి. మంగళవారం వంతు అడిగి మరీ తీసుకున్నది పారినాయుడు.

పోలమ్మ తిరిగి సంతకు వచ్చిన రోజు అతనే ముంత నింపి ఇచ్చాడు. ఆమె గడగడా తాగి, ఇంకో ముంత చాచి పట్టుకుంది. అతను అదీ నింపాడు.

పిల్లలూ, సర్కారు చేతిలో ఉన్నది మనం పెట్టినదే, కాబట్టి ఎవరైనా ఉచితమంటే చప్పట్లకు ముందు దాని ఖరీదు ఎవరు కడుతున్నారో అడగండి. పక్కవాడి దాహం తీర్చే పనిని మాత్రం పన్ను కట్టేశామని ఎన్నడూ వదులుకోకండి.