చుక్క పడని వాక్యం

పేరయ్యశాస్త్రిగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతికి ఒక వాక్యమిచ్చి అన్వయం చెప్పమంటారు. నలభై ఏళ్ళు వ్యాకరణం బోధించిన మనిషి, ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. అది తెలిసే ఆ ఆదివారం పాత శిష్యుడు మృత్యుంజయం అరుగు మీద చతికిలబడుతూనే ప్రశ్నా జవాబూ రెండూ తనే చెప్పేశాడు.

"గురువుగారూ, లోకంలోకెల్లా పొట్టి వాక్యం, లోకంలోకెల్లా పొడుగు వాక్యం రెండూ ఒకటేనండి. నాతిచరామి! పెళ్ళిపీటల మీద ఒక్క ముక్క అన్నాను. మూడేళ్ళయింది, చివర చుక్క పడలేదు."

శాస్త్రిగారు నవ్వారు. దాంతో శిష్యుడికి హుషారొచ్చింది. తన భార్య హైమవతి కూర మాడిందని చెప్పాలన్నా బజార్లో వంకాయల బేరం దగ్గర ఎత్తుకుంటుందన్నాడు. మొన్న గురువారం చుట్టాల ముందు ఉండబట్టలేక, "వెళ్ళి, చూసి, తెచ్చి... అన్నీ అసమాపకాలే! ఒక్క సమాపక క్రియ చెప్పి పుణ్యం కట్టుకో" అన్నాడట. చుట్టాలు పగలబడి నవ్వారట.

"అప్పట్నించీ ఒక్కొక్క మాటేనండి. వండాను. తినండి. పడుకుంటాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది."

ఆ ప్రశాంతతకు తాళలేకే సెలవు పూట ఇల్లు వదిలి వచ్చాడన్నది ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. కాసేపు గోళ్ళు గిల్లుకుని, "దాన్ని మళ్ళీ మాట్లాడించడం ఎలాగండీ?" అని అసలు సంగతి అడిగాడు.

శాస్త్రిగారు లోపలికి వెళ్ళి అట్ట ఊడిన నోటుబుక్కు తెచ్చారు. మృత్యుంజయానికి అది బాగా గుర్తే. అసమాపక క్రియలకు ఉదాహరణల కోసం గురువుగారు తన భార్య అచ్యుతాంబగారి మాటల్ని ఆవిడ ఎదుటే అందులో రాసుకునేవారు. వాటిని చదివి తరగతి తరగతంతా నవ్వేది. తనూ నవ్వాడు.

"చివరి పేజీ తియ్యి. సమాపక క్రియ గుర్తించు" అన్నారు.

మృత్యుంజయం పైకి చదివాడు. "పొద్దున్నే లేచి, పాలు కాచి, మీకు కాఫీ ఇచ్చి, పేపరు చదువుకుంటున్నారు కదా ఎందుకులే అని ఊరుకుని, మళ్ళీ మనసొప్పక వచ్చి, మీతో ఒకటి చెబుదామని..."

"సమాపక క్రియ లేదండి."

"లేదు. అక్కడ నేను అడ్డొచ్చాను. 'క్రియ ఏదే?' అన్నాను. నవ్వేసి, పొయ్యి మీద పప్పుందని వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి మనిషే లేదు."

ఆ వాక్యం కింద పేజీ నిండా పెన్సిలు రాత ఉంది. అనుకున్నాను, భయపడ్డాను, ఆగాను, ఎదురుచూశాను. రాసినవన్నీ కొట్టేసి ఉన్నాయి. కొన్ని నిన్న మొన్నటివిలా ఉన్నాయి.

"ఎనిమిదేళ్ళయింది. ఒక్కటీ అతకడం లేదు" అన్నారు శాస్త్రిగారు.

మృత్యుంజయం పుస్తకం జాగ్రత్తగా ఆయన ఒళ్ళో పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. మెట్టు దిగుతుండగా వెనకనించి గురువుగారి మాట వినిపించింది.

"మధ్యలో అడ్డెళ్ళకు నాయనా. చుక్క దానంతటదే పడుతుంది."