జెర్రి చెప్పిన మందు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, గెంతులమ్మ అనే కోతి ఉండేది. అది ఎంత తుంటరిదంటే, కనబడిన రాయినల్లా ఎత్తి చూడందే దానికి నిద్రపట్టదు!

ఒకరోజు అలాగే ఒక రాయి ఎత్తింది. కింద జెర్రి పడుకుని ఉంది. అది చటుక్కున చేతిమీద కరిచింది.

"అమ్మో! చచ్చాన్రోయ్!" అని గెంతులమ్మ అడవంతా ఎగిరి, చివరికి ఆ రాయి పక్కనే కూలబడింది. చెయ్యి ఎర్రబడింది, మండింది, బూరెలా పొంగింది. ఇవతల ఒడ్డున తిండి అయిపోయిందని, మర్నాడు పొద్దున్నే కోతుల గుంపంతా కొమ్మలు పట్టుకుని వాగు దాటబోతోంది. చేత్తో కొమ్మ పట్టుకోలేకపోతే గెంతులమ్మ ఒక్కతే మిగిలిపోతుంది, పాపం.

కోతుల సంగతి తెలుసుగా పిల్లలూ! పరామర్శ అంటే వాళ్ళకి పుండు కెలికి చూడడమే. ముందు పెద్దత్త వచ్చింది. "ఏదీ, చూడనీవే" అని గోటితో గీకింది. తర్వాత బావ వచ్చి, "విషం లాగేస్తానుండు" అని పళ్ళతో కొరికాడు. ఆ వెనక పిన్ని వచ్చి జిల్లేడు పాలు పూసింది. వాపు మణికట్టు దాకా పాకింది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని ఊరికే అన్నారా!

అది చూడలేక జెర్రి రాయికింద నుంచి తల బయటపెట్టింది.

"ఓసి పిచ్చిదానా! ముందు కుంకుడుకాయ నురగతో శుభ్రంగా కడుక్కో. బండమీద గుంటలో ఎండకు కాగిన నీళ్ళున్నాయి. చెయ్యి కాలనంత వేడిగా ఉన్నాయేమో చూసుకుని అందులో పెట్టుకో. గోకకు, ఎవరినీ గోకనివ్వకు. ఊపిరాడనట్టుంటే మాత్రం వైద్యం చేసే ఎలుగుబంటి దగ్గరికి ఆగకుండా పరిగెత్తు."

"కరిచేదీ నువ్వే, మందు చెప్పేదీ నువ్వేనా?" అంది గెంతులమ్మ.

"నా ఇంటికప్పు లేపిందెవరమ్మా? కోపం నామీద ఉంచుకో. మందు మాత్రం వాడుకో."

గెంతులమ్మకి ఒళ్ళు మండింది. చెయ్యి అంతకంటే ఎక్కువ మండుతోంది. చేసేదిలేక వెళ్ళి కడుక్కుంది, ఆ వేడినీళ్ళలో చెయ్యి పెట్టింది. కాసేపటికి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం పెద్దత్త మళ్ళీ వచ్చింది. "ఏదీ, చూడనీవే."

"చూపించనత్తా. దూరంగా కూర్చుని కబుర్లు చెప్పు."

"ప్రేమతో వస్తే ఇంత మాటా!" అని పెద్దత్త మూతి ముడుచుకుని పోయింది. గెంతులమ్మకి బాధేసింది. అయినా చెయ్యి చాపలేదు.

తెల్లారేసరికి వాపు దిగింది. వాగుమీద కొమ్మ పట్టుకుంటే పట్టు చిక్కింది. సగం దాటాక వెనకనుంచి "అమ్మో!" అని కేక. పెద్దత్త జారిపోతోంది! గెంతులమ్మ ఆ చేత్తోనే గబుక్కున పట్టుకుని పైకి లాగింది.

పెద్దత్త ఆ చేతిని కళ్ళకద్దుకుంది. ఈసారి గీకలేదు.

నీతి: ప్రేమతో కెలికినా పుండు పెద్దదే అవుతుంది, మంచిమాట కరిచినవాడు చెప్పినా వినాలి.