మెంతి గుజ్జు బుట్ట

కంబన్న బుట్ట మళ్లీ పగిలింది.

ఓబుళమ్మ నడిపే మఠంలో ఒక పద్ధతి ఉంది. ఉపదేశం కావాలని వచ్చినవాళ్లు ముందు తమ బుట్ట తామే చేసుకోవాలి. చిత్తుకాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన కుండ మీద మెత్తి నీడన ఆరబెట్టాలి. పూర్వం ఇళ్లల్లో ఆడవాళ్లు తీరిక దొరికినప్పుడల్లా చేసుకున్న పనే. బుట్ట పగలకుండా కుండ నుంచి ఊడివచ్చిన రోజున అమ్మ చెవిలో మంత్రం చెబుతుంది.

కంబన్నతో పాటే వచ్చిన సుంకన్నకు మొదటిసారికే బుట్ట కుదిరింది, ఉపదేశమూ అయింది. కంబన్నకు మాత్రం ఎన్నిసార్లు చేసినా అంచు దగ్గర బీట పడుతూనే ఉంది.

అసలే అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత కంబన్న పుట్టాడు. సుంకన్నది అమ్మ పుట్టినూరు. వాడి రోట్లో ఆమె ఏదో కలిపే ఉంటుంది, తుమ్మబంకో, చింతగింజల పిండో. సుంకన్న మఠానికని ఇంకో బుట్ట కోసం గుజ్జు రుబ్బి అటు తిరగగానే, కంబన్న వేలితో తీసి నాకి చూశాడు. చేదు తప్ప ఏమీ తెలియలేదు. చేదుకు అనుమానం ఇంకా పెరిగింది.

ఇక ఉండబట్టలేక వెళ్లి అమ్మ ముందు నిలబడ్డాడు.

"నాకు తెలీకుండా ఏమో దాచిపెడతాండావమ్మా. అదేందో చెప్పు. లేదంటే నేను ఈ పొద్దే పోతా."

ఆమె కోపం తెచ్చుకోలేదు. సుంకన్న రుబ్బిన గుజ్జును కంబన్నకిచ్చి, కంబన్న రుబ్బినది తాను తీసుకుంది. ఇద్దరూ చెరో కుండ మీద మెత్తి పంచలో పక్కపక్కనే పెట్టారు. ఆమె తన పనికి లోపలికి వెళ్లింది.

కంబన్న కాపలా కూర్చున్నాడు. ఈసారి మోసం జరగనివ్వకూడదనుకున్నాడు. కాసేపటికే మనసులో పురుగు తొలిచింది. అమ్మ ఇచ్చింది నిజంగా సుంకన్న గుజ్జేనా? ఎప్పటిలాగే బుట్ట అంచును గోటితో కొంచెం పైకి లేపి లోపలికి తొంగి చూశాడు. అంతా మామూలుగానే ఉంది. అంచును మళ్లీ భద్రంగా నొక్కేసి, అమ్మ కుండ వైపు జరిగి దాని మీదా గోరు పెట్టబోయాడు.

వెనక అమ్మ నిలబడి ఉంది. కంబన్న సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె తిట్టలేదు. పక్కన కూర్చుని అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. చీపురుపుల్లతో గోటి సందులో ఇరుక్కున్న తడి గుజ్జును మెల్లగా, నొప్పి పుట్టకుండా తీసింది. అంత వయసొచ్చినవాడికీ ఏడుపొచ్చినంత పనైంది. వచ్చిన గుజ్జు మెంతిగింజంత ఉంది. దాన్ని అతని అరచేతిలో పెట్టింది.

"నేనేమీ దాచిపెట్టలేదు నాయనా. నీ బుట్టలో తక్కువైండేది ఇదే."