పక్క దళం నాయకుడు

రాళ్లకనుమ కోటలో సేనను నడిపే విద్య నేర్పే పాపన్న ఒజ్జకు ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే నోటితో జవాబు చెప్పడు, లేచి చెప్పులు వేసుకుంటాడు. ఆయన చెప్పుల కోసం వెతుకుతున్నాడంటే ఎవరి కాళ్లకో పని పడబోతోందని శిష్యులకు తెలిసిపోయేది.

ఒకనాడు కొండమనాయుడు ప్రశ్న వేశాడు. అందరిలోకీ పాత శిష్యుడు, పాఠాలన్నీ కంఠతా పట్టినవాడు. కనుమ కావలి దళానికి కొత్త నాయకుణ్ణి ఎన్నుకునే రోజులవి. తరతరాలుగా ఆ పదవి చదువు ముగించిన పెద్ద శిష్యుడికే దక్కేది. ఈసారి మాత్రం కోటను ఏలే పాలెగారు, పని చేసి చూపినవాడికే ఇవ్వమన్నారు. నిరుడు చేరిన ఓబులేసు పాఠాలు సగమైనా వినలేదు. అయినా ఏ పని పెట్టినా చేసి చూపించి పేరు కొట్టేస్తున్నాడు. నాయుడికి కడుపు మండిపోతోంది. ఓబులేసు నవ్వినా మంటే, అన్నం తిన్నా మంటే, చివరికి వాడి గుర్రం సకిలించినా మంటే.

"అయ్యవారూ, ఏండ్ల తరబడి కూచోని నేర్చినోడు గొప్పా, నిన్న గాక మొన్న వచ్చి పని చేసి సూపించినోడు గొప్పా?"

ఒజ్జ చెప్పులు వేసుకున్నాడు.

నాయుణ్ణీ ఓబులేసునూ ఏటి ఒడ్డుకు తీసుకుపోయి భటులను ఇద్దరికీ చెరిసగం పంచాడు. "మీ వాళ్లను అవతలి గట్టుకు చేర్చండి. నేను వెనకాల పుట్టిలో వస్తా" అన్నాడు. తర్వాత నాయుడి వైపు తిరిగి, "ఏరు దాటించే పాఠం ఒకసారి చెప్పు నాయనా" అన్నాడు.

నాయుడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. "లోతు కర్రతో చూడాలి. బలహీనుణ్ణి నడిమిన పెట్టాలి. చివరివాడు గట్టెక్కేదాకా నాయకుడు నీళ్లలోనే నిలవాలి." ఓబులేసు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ పాఠం వాడు వినడం అదే మొదటిసారి.

ఇద్దరూ నీళ్లలోకి దిగారు. నాయుడు దిగాడే గానీ వాడి కళ్లు మాత్రం పక్క దళం మీదే ఉన్నాయి. ఈర్ష్య పడ్డవాడికి ఎదుటివాడి కాలు జారడం కంటే ఇంపైన దృశ్యం ఉండదు. నడుం లోతు నీళ్లలో, పాఠంలో చెప్పినట్టే, కదలకుండా నిలబడ్డాడు. పక్క దళంవాళ్లంతా గట్టెక్కాక తనూ ఎక్కి, ఒజ్జ పుట్టి ఒడ్డుకు తగలకముందే ఎదురు పరిగెత్తాడు.

"సూస్తిరా అయ్యవారూ! ఓబులేసు కర్ర పట్టకుండానే దిగె. గుంటలో మునిగె. ఒకడి తలపాగా ఏటిపాలాయె. బక్కోణ్ణి అంచున నడిపించె. కడాకు వాని దళంలోని ఆ పొట్టోడు ఎక్కేదాకా నేను కండ్లార్పకుండా సూస్తానే ఉంటి!"

ఓబులేసు తల గోక్కున్నాడు. "అంతా నిజమే అయ్యవారూ" అన్నాడు.

అప్పుడు పుట్టిలోంచి ఒజ్జ భుజం పట్టుకుని ఒకడు దిగాడు. నాయుడి దళంలోని ముత్యాలు. ఏటి నడుమ రాయి తగిలి పాదం చీలింది. గుడ్డ కట్టినా నెత్తురు కారుతూనే ఉంది.

"నువ్వేడ పోతివిరా?" అన్నాడు నాయుడు తెల్లబోయి.

"బండను కరుసుకోని పిలుస్తానే ఉంటి నాయుడా" అన్నాడు ముత్యాలు. "నువ్వు ఆ పక్క సూస్తా ఉంటివి."

నాయుడు తల వంచుకున్నాడు. కనుమ కావలి చేయి దాటిపోయిందని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఒజ్జ చెప్పుల్లోని ఇసుక దులుపుకున్నాడు. "పాఠం అక్షరం తప్పలేదు నాయనా. చివరివాడు గట్టెక్కేదాకా నీళ్లలోనే నిలిచావు" అన్నాడు. "ఓబులేసుకు నేర్పాల్సింది ఇంకా చాలా ఉంది. అయినా వాడి దళానికి దిగుల్లేదు, ఇద్దరు నాయకులు. నీ దళానికే ఒకణ్ణి వెతకాలి."