మొహం లేని తాత బొమ్మ

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకో దిగులు. ఏం దిగులంటే, వాళ్ళ తాత మొహం మర్చిపోతున్నాడు. అమ్మానాన్న లేని పిల్లాడని ఆ తాతే సాకాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇదివరకు కళ్ళు మూసుకుంటే గబుక్కున కనపడేవాడు, ఇప్పుడు కనపడ్డం లేదు. రాజు దిగులు పడితే మంత్రి దిగులు పడ్డాడు, మంత్రి దిగులు పడితే వంటవాడు దిగులు పడ్డాడు, వంటవాడు దిగులు పడితే పప్పులో ఉప్పు పడలేదు.

ఊ కొడుతున్నారా? ఒరే బుజ్జీ, దుప్పటంతా లాక్కోకు, చెల్లికీ కాస్త ఉంచు.

సరే, రాజు బొమ్మలు వేసేవాళ్ళని పిలిపించి తాత బొమ్మ వెయ్యమన్నాడు. కొలువులో ముసలాళ్ళు చెబుతుంటే వాళ్ళు వేశారు. ఒకడు కిరీటం పెట్టాడు, ఒకడు కోరమీసం పెట్టాడు, ఇంకొకడు ఏకంగా ఏనుగెక్కించాడు. రాజు అన్నీ చూసి, ఈయన మహారాజే గానీ మా తాత కాదు అని లోపలికెళ్ళి కూర్చున్నాడు. తాత మళ్ళీ చచ్చిపోయినట్టనిపించింది పాపం.

ఆ బొమ్మలు వేసినవాళ్ళలో ఒకాయన కోడలు నూకాలు. మామగారికి రంగులు నూరిపెట్టేది, తనూ వేసేది. ఆవిడ రాజు దగ్గరికెళ్ళి, వాళ్ళ మాటలు వదిలెయ్యండి బాబూ, మీకేం గుర్తుందో చెప్పండి అంది. రాజు ఆలోచించి ఆలోచించి చెప్పాడు. నున్నటి బట్టతలట, దాని మీద పప్పుబద్దంత పుట్టుమచ్చట, పట్టుకుంటే వెచ్చగా ఉండే రెండు పెద్ద చెవులట, ముందు మామిడితోటలో దారట. మొహం మాత్రం రావడం లేదమ్మా అని కళ్ళు తుడుచుకున్నాడు.

నూకాలుకి తెలిసిపోయింది. చిన్నప్పుడంతా ఈ పిల్లాడు తాత భుజాల మీదే ఊరేగాడు.

ఆవిడ అదే వేసింది. బట్టతల, మచ్చ, చెవులు, ఆ చెవులు పట్టుకున్న రెండు బుల్లి చేతులు, ముందు దారి. మామగారు చూసి, కళ్ళూ ముక్కూ లేని బొమ్మేమిటే, నా తల తీయిస్తాడే అని లబలబలాడాడు. నూకాలు వినలేదు. గోడకి తగిలించకండి, నేలమీదే పెట్టండి, పైనుంచి చూడాలి అని చెప్పింది.

రాజు వంగి చూశాడు. తాతా అన్నాడు. అంత పెద్ద రాజూ అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఈలోగా రాజుగారి చిన్నకూతురు పరిగెత్తుకొచ్చింది. జనం అడ్డమొచ్చి కనపడక పేచీ పెడితే, రాజు ఎత్తి భుజాలమీద కూర్చోబెట్టుకున్నాడు. ఆ పిల్ల బొమ్మ చూసింది, కింద నాన్న బట్టతల చూసింది. రెండు చేతులతో ఆయన చెవులు పట్టుకుని, ఇది నువ్వే కదా నాన్నా అంది.

రాజు ఇంక దిగులు పడలేదు. మంత్రీ పడలేదు, వంటవాడూ పడలేదు, పప్పులో ఉప్పు పడింది. పోయినవాళ్ళని ఊరు చెప్పినట్టు కాదర్రా, మనకెలా కనపడ్డారో అలా గుర్తుపెట్టుకోవాలి.

కథేమో కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. రేపెప్పుడైనా నా బొమ్మ వేస్తే పట్టుచీర అవీ కట్టకండి. ఇదిగో, ఈ బోసినోరు వెయ్యండి చాలు.